ఫోను కూలి

భూదాన్ పోచంపల్లి హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన ఊరు ఇది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. సెలవు రోజుల్లో చీరల షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. ఆ కార్లు లోపలి వీధుల దాకా రావు. అక్కడి నేత ఇళ్ళకు కొనేవాళ్ళు రావాలంటే ఇప్పుడు ఫోనులోంచే రావాలి. అలా రప్పించుకోవడానికి చిన్న ఇంటికి ఎంత ఖర్చవుతోందో తెలుసుకుందామని ఒకరింటికి వెళ్ళాను. పేర్లు రాయవద్దన్నారు, రాయడం లేదు.

ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద పెద్దాయన, రెండోదాని మీద కొడుకు. పెద్దావిడ గుమ్మం దగ్గర కండెలు చుడుతోంది. గోడవారన, నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే యంత్రం ఉంది. 1999లో చింతకింది మల్లేశం తయారుచేసిన ఈ యంత్రమే ఈ ప్రాంతపు ఆడవాళ్ళ భుజాలకు విశ్రాంతినిచ్చింది. అంతకు ముందు ఒక్క చీరకు ఆసు పోయాలంటే వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. "రాత్రి అన్నం కలుపుకుందామంటే చెయ్యి లేవకపోయేది," అంది పెద్దావిడ.

కోడలు డిగ్రీ చదివింది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, వాట్సాప్ బిజినెస్ రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. మొదట్లో అలా కాదు. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి అప్పగించారు. నెలకు 12 వేలు, అందులో 12 పోస్టర్లు, 4 రీల్స్. ప్రకటనల డబ్బు వేరే. ఆ నాటి పోస్టర్లు ఆమె ఫోనులో ఇంకా ఉన్నాయి, ఒక్కొక్కటే చూపించింది. ఫ్రెండ్‌షిప్ డే శుభాకాంక్షలు, వినాయక చవితి శుభాకాంక్షలు, ఓ మూల చీర ముక్క. ఒక పోస్టరులోనైతే చీర వీళ్ళదే కాదు, గుజరాత్ పటోలా. నెట్‌లో దొరికిన ఫొటో పెట్టేశారు. "మా పాత కస్టమరే ఫోన్ చేసి, ఇది మీరు నేసింది కాదు గదమ్మా అన్నది. నాకు తల కొట్టేసినట్లయింది సార్." ఏజెన్సీని మానిపించాక పేజీ వెంటనే చేతికి రాలేదు. అడ్మిన్‌గా ఉన్నది వాళ్ళు. బతిమాలి రాబట్టుకోవాల్సి వచ్చింది.

ఏజెన్సీ చేతిలో ఉన్న ఆ నాలుగు నెలల్లో నెలకు ఎంతయిందో ఆమెతో కలిసి లెక్క వేశాను. ఏజెన్సీకి 12 వేలు, ప్రకటనలకు 6 వేలు, ప్రకటనల మీద 18 శాతం జీఎస్టీ 1,080. మొత్తం 19,080 రూపాయలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద షాపు ఆ పన్నును క్రెడిట్‌గా వాడుకోగలదు. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి అది పోయిన డబ్బే. ఇక రెండు మగ్గాల మీద నెలకు దిగేది తొమ్మిది చీరలు. అన్నీ ఫోను మీదే అమ్ముడుపోయాయనుకున్నా చీరకు 2,120 రూపాయలు ప్రచారానికే పోయింది. "నేసినోనికి మిగిలేది గంతకు కొంచెం ఎక్కువ సార్," అన్నాడు పెద్దాయన, నాడె ఆపకుండానే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రచారం పెరిగితే సరుకు పెరగాలి, అప్పుడే ఆ ఖర్చు అన్నిటి మీదా పడి పలచబడుతుంది. రెడీమేడ్ బట్టల షాపు వంద తెప్పించే చోట వెయ్యి తెప్పించుకోగలదు. మగ్గం అలా పెంచలేదు. నూలు లెక్కగట్టి, రంగు అంటకూడని చోట దారంతో బిగించి చిటికి కట్టాలి, రంగు అద్దాలి, విప్పి మళ్ళీ కట్టాలి, అచ్చు అతకాలి, ఆ తర్వాతే నేత. ఒక పడుగు ఎక్కిందంటే దాని మీది చీరలన్నీ దిగేదాకా అదే డిజైను. రెండు రోజులకో కొత్త పోస్టు పెట్టాలనే ప్యాకేజీ ఈ ఇంటికి మొదటి రోజు నుంచే సరిపడదు. అది అమ్మినవాళ్ళు ఒక్కసారి వచ్చి మగ్గం చూసి ఉంటే ఆ ముక్క వాళ్ళకే తట్టేది.

ఇప్పుడు కోడలు ఏం చేస్తుందో దగ్గరుండి చూశాను. పొద్దున ఎండ ముదరక ముందే వాకిట్లో దండెం మీద చీర పరుస్తుంది. ఎర్ర అంచు ఫోనులో గులాబీ రంగుకు తిరుగుతుందని నీడ పట్టున ఇంకోసారి తీస్తుంది. రెండు ఫొటోల్లో అసలు రంగుకు దగ్గరున్నదే పెడుతుంది, రంగు తేడా వచ్చిందని చీర వెనక్కి వస్తే రెండు వైపులా కొరియర్ ఖర్చు వీళ్ళదే. ఆ తర్వాత వీడియో. కొంగు పట్టుకుని మెల్లగా తిరగేస్తుంది. ఇక్కత్‌లో నూలుకే రంగు పడుతుంది గనుక బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, దాని అంచులు కొద్దిగా అలుక్కుపోయినట్లు కనబడతాయి. అచ్చేసిన నకలు చీర తిరగేస్తే వెలవెలబోతుంది. మాటలు, పాటలు ఏమీ లేని ఈ ఇరవై సెకన్ల వీడియోకు వచ్చినన్ని ఆర్డర్లు ఆ పోస్టర్లన్నిటికీ కలిపి రాలేదట. నేను ఆశ్చర్యపోలేదు. కొనేవాళ్ళకు ఉన్న భయం నకలు గురించే, ఆ భయం తీర్చగలిగేది చీర ఎరిగిన చెయ్యే.

కొత్త డిజైన్లు మాత్రం పేజీలో పెట్టడం లేదు. పెట్టిన కొన్నాళ్ళకే ప్రింటు చీరల మీద తేలుతున్నాయని కొడుకు బాధ. ముందు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పాతవాళ్ళకు పంపుతారు. ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ ఈమె నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. నెలకు తొమ్మిది చీరలు నేసే ఇంటికి అంతమంది చాలు. దీనికి వాళ్ళకు పైసా ఖర్చు కాలేదు. ప్రకటనలకు ఇప్పుడు 2 వేలు దాటడం లేదు.

ఖర్చు తగ్గిందని పెద్దాయన సంతోషంగా చెప్పాడు. తగ్గిన ఖర్చు ఎవరి మీద పడిందో రాత్రి తెలిసింది. తొమ్మిదిన్నరకు డల్లాస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ పగలు. ఒక తెలుగావిడ ఆరు చీరలు విప్పించి చూసి, వాళ్ళమ్మను కూడా కాల్‌లో కలిపి, చివరికి ఒకటి తీసుకుంది. మంచి మనిషే, ధర దగ్గర బేరం కూడా ఆడలేదు. కానీ కాల్ ముగిసేసరికి ముప్పావు గంట. పక్కన పిల్లవాడు నిద్రకు ఏడుస్తూనే ఉన్నాడు. తర్వాత ఆరు చీరలూ మళ్ళీ మడత పెట్టాలి.

ఫొటోలు, జవాబులు, ప్యాకింగ్, కాల్స్ కలిపి రోజుకు మూడున్నర గంటలు తక్కువ కాదంది. నెలకు 105 గంటలు. గంటకు 60 రూపాయలు వేసినా 6,300. ప్రకటనలూ పన్నూ 2,360 కలిపితే 8,660, అంటే చీరకు 960 పైచిలుకు. ఏజెన్సీ నాటి ఖర్చులో సగం కూడా కాదు. కానీ చీర ధర కట్టేటప్పుడు పట్టు, రంగు, చిటికి కూలి, అచ్చు అతికిన కూలి, కొరియర్ అన్నీ రాసుకున్నారు గానీ ఈ 6,300 ఎక్కడా లేదు. కోడలికి ఏం ఇస్తున్నారని పెద్దాయనను అడిగాను.

"ఇంటి మనిషికి కూలేంది సార్?"

పెద్దావిడ కండె పక్కన పెట్టింది. "నేను ఆసు పోసిన దినాలల్ల గూడ గిదే మాట అన్నవ్."

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. కోడలి దగ్గర ఒక ఆలోచన ఉంది. వీధిలో ఐదిళ్ళు కలిసి, చిటికి పని తెలిసిన ఊరి అమ్మాయినే ఒకరిని ఈ ఫోను పనికి నెల జీతానికి పెట్టుకోవాలని. ఇంటికి రెండు వేలు వేసుకున్నా పది వేలవుతుంది, ఊళ్ళోనే ఒకరికి ఉద్యోగం దొరుకుతుంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా సరైన దారి లేదు. ఏజెన్సీకి ఇచ్చిన డబ్బు కంటే తక్కువలో, చీర తిరగేసి చూపించగల మనిషి దొరుకుతుంది. కొడుకే ఒప్పుకోవడం లేదు, డిజైన్లు ఐదిళ్ళకూ తెలిసిపోతాయని.

"తెలిసేటియి ఎట్లయిన తెలుస్తయి," అంది ఆమె అతనితోనే, నా ఎదుటే. "బ్రాడ్‌కాస్ట్ మనదగ్గరనే పెట్టుకుందాం, పేజీ ఒక్కటే ఆ పిల్లకిద్దాం. రాత్రి కాల్స్ వంతులేసుకుంటే నాకు వారంల ఐదు రోజులన్న నిద్ర ఉంటది."