పత్తి గింజల బేరం

14 అక్టోబరు 2023, గ్రీన్‌విల్, దక్షిణ కరొలైనా

అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు అయిపోయాయి. అన్నిట్లోనూ ఒక్క మనిషే మనసులో నిలిచాడు, ఆంథొనీ క్రాఫర్డ్. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న అబ్బెవిల్ జిల్లాలో నల్లజాతి రైతు. బానిసత్వం రద్దయిన 1865 ప్రాంతంలో పుట్టాడు. 1916 నాటికి 427 ఎకరాల ఆసామి. పదమూడు మంది పిల్లల తండ్రి. పెళ్ళయిన పిల్లలు ఆ చుట్టుపక్కలే సేద్యం చేసుకునేవారు. చర్చికి ఏళ్ళ తరబడి కార్యదర్శి. లెక్క తెలిసిన మనిషి.

ఆ ఏడాది అక్టోబరు 21 శనివారం. పత్తి తోలుకుని పట్నం వచ్చాడు. అక్కడి రైతుకు జిన్నింగులో దూది వేరు, గింజ వేరు చేసి ఇచ్చేవారు. గింజ నూనెకు పోతుంది కనుక దాని బేరం విడిగా జరిగేది. తెల్లజాతి దుకాణదారు 85 సెంట్లు ఇస్తానన్నాడు. మరోచోట 90 ఇస్తామన్నారని క్రాఫర్డ్ చెప్పాడు. అబద్ధమాడుతున్నావన్నాడు అతను. క్రాఫర్డ్ తిట్టాడు. పోలీసులు పట్టుకెళ్ళింది క్రాఫర్డ్‌నే.

పూచీకత్తు మీద బయటికి రాగానే జనం వెంటపడ్డారు. జిన్నింగు మిల్లులో దూరి, చేతికందిన సుత్తితో ఒకణ్ణి కొట్టాడు. వాళ్ళు చావగొట్టారు. షెరీఫు జైలుకు చేర్చాడు గానీ సాయంత్రానికల్లా గుంపు జైల్లోంచి లాక్కెళ్ళింది. మెడకు తాడు కట్టి నల్లవాళ్ళ పేట గుండా ఈడ్చి, సంతమైదానం దగ్గర చెట్టుకు వేలాడదీసి, ఆ శరీరం మీద తుపాకులు కాల్చింది. పట్టపగలు, పేర్లు తెలిసిన మనుషులే చేశారు. ఒక్కరికీ శిక్ష పడలేదు.

వ్యవసాయ శాఖలో నా నౌకరీ అంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల మధ్యే గడిచింది. యార్డులో దళారీ చెప్పిన రేటు విని తల వంచుకుని కాటా వేయించుకున్నవాళ్ళను ఎందర్ని చూశానో. "నాకీ ధర కిట్టదు" అని బండి తిప్పుకుపోయిన రైతును చూస్తే నాకు గౌరవం. ఆ ఒక్క మాటకు ప్రాణం తీస్తారా?

16 అక్టోబరు

ఆ మాట అనగలిగిన స్థితి క్రాఫర్డ్‌కు ఎలా వచ్చిందో తెలుసుకుంటే తప్ప ఈ హత్య అర్థం కాదు.

అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో, 1865 జనవరిలో, ఉత్తరాది సేనల జనరల్ షెర్మన్ సముద్రతీరపు భూములను విముక్తులైన కుటుంబాలకు నలభై ఎకరాలకు మించకుండా పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వాటిని పాత యజమానులకే తిరిగి అప్పగించాడు. నేల దక్కనివాళ్ళు పాలికి దిగారు. కంచరగాడిద, విత్తనం దొరవి. పంటలో సగం దొరది. ఏడాది పొడవునా తిండిగింజలు, బట్టలు దుకాణంలో అరువు. ఆ అరువుకు చేలో ఉన్న పంటే తాకట్టు. పంట చేతికొచ్చాక లెక్క చూస్తారు. ఆ పుస్తకం దొర చేతిలోనే ఉంటుంది. ఎదురు అడిగితే ఇల్లు ఖాళీ చేయాలి. దానికి తోడు 1895లో రాష్ట్ర రాజ్యాంగం మార్చి నల్లవాళ్ళకు ఓటు లేకుండా చేశారు.

ఈ ఉచ్చులో క్రాఫర్డ్ పడలేదు. నేల సొంతం, కోత సొంతం. అరువు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. అందుకే బేరమాడగలిగాడు. వాళ్ళు సహించలేకపోయింది ఆ తిట్టును కాదు, దాని వెనకున్న 427 ఎకరాలను. మర్యాద తప్పాడన్నది పైకి చెప్పుకున్న కారణం. ఈ సంగతి నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ ముందే రాసింది. 1892లో మెంఫిస్‌లో కిరాణా కొట్టు నడిపిన తన మిత్రుణ్ణి, అతనితోపాటు మరో ఇద్దర్ని చంపినప్పుడు, వాళ్ళ తప్పల్లా తెల్లవాడి కొట్టుకు పోటీ కావడమేనని ఆమె తన పత్రికలో నిలదీసింది. ఆ పత్రిక కార్యాలయాన్నీ ధ్వంసం చేశారు.

మా ఊళ్ళో ఒక దళిత రైతు చెరువు కింద ఎకరం కొన్న రోజున రచ్చబండ దగ్గర విన్న మాటలు గుర్తొచ్చాయి. "వీడికెందుకురా మాగాణి?" అన్నవాళ్ళలో నాకు కావలసినవాళ్ళూ ఉన్నారు. ఆ గొంతు నాకు తెలుసు.

21 అక్టోబరు, అబ్బెవిల్

అమ్మాయి కారులో తీసుకొచ్చింది. దారి పక్కన పత్తి విచ్చి ఉంది. ఊరు ముచ్చటగా ఉంది. ఇటుకలు పరిచిన కూడలి, 1908 నాటి ఒపేరా హౌస్. ఈ ఊరికి తన చరిత్ర మీద గర్వం ఉంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోవాలని 1860 నవంబరు 22న సభ జరిగిన గుట్ట ఇక్కడే ఉంది. ఆ యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1865 మే 2న తన సేనానులతో ఆఖరి మంతనాలు జరిపిన భవనమూ ఇక్కడే.

అదే కూడలిలో క్రాఫర్డ్ పేరున ఒక ఫలకం. ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థ, ఆయన వంశీకులు కలిసి 2016లో, సరిగ్గా నూరేళ్ళకు నిలబెట్టారు. అమ్మాయి పైకి చదివింది.

"నాన్నా, ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్నాను, ఈ పేరే వినలేదు" అంది.

"స్కూల్లో పిల్లలకు చెప్పరామ్మా?"

"మా పిల్లలకైతే చెప్పలేదు."

దుకాణాల ముందు జనం కాఫీ తాగుతున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆ ఫలకం రావడానికి నూరేళ్ళు పట్టడం మీద ఉంది.

23 అక్టోబరు

హత్య తరువాత జరిగినదే నన్ను ఎక్కువ కలచివేస్తోంది. తెల్లవాళ్ళు సభ పెట్టి, నవంబరు 15 లోగా క్రాఫర్డ్ కుటుంబం ఊరు విడిచి పోవాలని తీర్మానించారు. కూలీలు కూడా వెళ్ళిపోతే పంట ఎవరు తీస్తారని కొందరు వర్తకులు తరువాత వెనక్కి తగ్గారు. గవర్నర్ మానింగ్ హత్యను ఖండించాడు. అయినా కుటుంబం చెదిరిపోయింది. కొందరు ఇల్లినాయ్ దాకా వెళ్ళారు. ఆ నేల వాళ్ళకు దక్కలేదు.

ఇది ఒక్క ఇంటి కథే అయితే ఇంత రాయను. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు 2001లో పాత దస్తావేజులు తవ్వి, ఇలా భూమి లాక్కున్న ఘటనలు 107 నిర్ధారించారు. 406 మంది యజమానులు, 24 వేల ఎకరాలకు పైగా పొలాలు, అడవులు. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షల పైచిలుకు. 2017 లెక్కల్లో 50 వేలకు లోపే. హత్యలే కాదు, అప్పు ఇవ్వని బ్యాంకులు, వివక్ష చూపిన వ్యవసాయ శాఖ కూడా ఇందుకు కారణం. ఆ శాఖ మీద రైతులు వేసిన దావా 1999లో పరిహారంతో రాజీ అయింది. వ్యవసాయ శాఖ జీతం తిన్నవాణ్ణి, ఈ మాట రాస్తుంటే కష్టంగా ఉంది. రైతుకు అండగా నిలవడానికే కదా ఆ శాఖ ఉన్నది.

29 అక్టోబరు

మూకహత్యలను ఆపే చట్టం చేయనందుకు అమెరికా సెనేట్ 2005 జూన్ 13న క్షమాపణ చెప్పింది. దానికోసం పోరాడినవాళ్ళలో క్రాఫర్డ్ వంశపు స్త్రీ డోరియా డీ జాన్సన్ ఒకరు. ఆ చట్టం 2022 మార్చి 29న, మూకహత్యకు బలైన ఎమెట్ టిల్ పేరుతో, చివరికి వచ్చింది. పోయిన భూముల గురించి అందులో ఒక్క మాట లేదు.