మా కుండీలోని ఉల్లి కాని ఉల్లి



మీలో ఆరుగురి ఇండ్లలో ఒక్కొక్క చిన్న కుండీ ఉన్నది. దానికి నేను అంటించిన కాగితముపై "అడవి ఉల్లి" అను మాటలు మీరు చూచినారు గదా! ఆ మాటలు తప్పు. తప్పు నాది. అది ఎట్లు జరిగినదో మీకు చెప్పవలసిన బాధ్యతయు నాదే.

మూడేండ్ల క్రిందట వసంతకాలమున బురైమి వెలుపల గులకరాళ్ళ మైదానములో నడచుచుంటిని. దూరమున జబల్ హఫీత్ కొండ కనబడుచున్నది. ఆ శీతాకాలమున రెండు మంచి వానలు కురిసినవి. ఒకచోట మూరెడు కూడ లేని ఎండుకాడలు కొన్ని నిలిచి ఉన్నవి. కాయలు మూడు పలకలుగా విచ్చుకొని, లోపల నల్లని విత్తనములు కనబడినవి. ఉల్లి విత్తనములును నల్లనివే. ఇంకేమి కావలెను? గుప్పెడు విత్తనములు జేబులో వేసికొని వచ్చినాను. గడ్డలను మాత్రము త్రవ్వలేదు. ఎడారిలో ఒక గడ్డ పెరుగుటకు ఎన్ని వానలు కావలెనో తలచుకొన్నచో చేయి రాదు.

నా మనస్సులో ఒక కోరిక ఉండెను. చలిదేశముల తోటలలో అలంకారమునకై పెంచు ఉల్లిజాతులు కలవు. మధ్య ఆసియా కొండలనుండి వచ్చిన ఒక జాతికి మనిషి ఎత్తు కాడపై పెద్ద ఊదారంగు బంతివంటి పూగుత్తి వచ్చును. దానికి చలి కావలెను కనుక మన ఎండలకు నిలువదు. ఈ ఎడారి ఉల్లి అట్టి బంతినొకదానిని ఇచ్చునేమో అని ఆశ.

ఇసుక, చిన్న గులకరాళ్ళు కలిపి కుండీలు నింపి, చలికాలము రాగానే విత్తినాను. మొదటి యేడు వెండ్రుకవంటి ఆకులు వచ్చినవి. ఎండలు ముదరగానే అవి ఎండిపోయినవి. మొక్కలు చచ్చినవనుకొని రోజూ నీరు పోసితిని. ఒక కుండీలోని గడ్డలన్నియు కుళ్ళినవి. అవి చావలేదు, నిద్రించుచున్నవి. నిద్రించు గడ్డకు నీరే శత్రువు. మిగిలిన కుండీలను నీడలో పెట్టి మరచినాను. చలి రాగానే తామే లేచినవి. రెండవయేడు ఆకులు ఉల్లికాడలవలె పెరుగగా, మీకు పంచినాను.

వాసన చూడలేదా అని మీరు అడుగుదురు. చూచినాను. ఉప్మాకు ఉల్లిపాయలు తరిగిన చేతితోనే ఆకు నలిపి చూచినాను! ఘాటుగా ఉన్నది. ఆ ఘాటు నా వ్రేళ్ళదని తోచలేదు.

ఈ జనవరిలో నంద్యాల దగ్గరి మా ఊరినుండి అమ్మ వచ్చినది. ఒకనాడు పులుసులోనికి కాడలు చాలక, కుండీలోనివి నాలుగు త్రుంచి ముక్కు దగ్గర పెట్టుకొన్నది.

"ఏమిరా, ఇది ఉల్లేనా? వాసనే లేదే!"

"అడవిది లేమ్మా. నేను చూసినాను."

"ఏం చూసినావో! మన బీళ్ళలో నక్కవుల్లి చూడలేదా? అదీ ఇట్లాగే ఉంటది. తింటే గుండె పట్టేస్తది." కాడలను చెత్తబుట్టలో వేసి, చేతులు రెండుసార్లు కడిగికొన్నది.

నాకు కోపము వచ్చినది. మరునాడు ఉదయమున, చేతులు సబ్బుతో కడిగి, ఆకు నలిపినాను. పచ్చగడ్డి వాసన, అంతే. ఉల్లిని కోయనంతవరకు ఘాటుండదు. కోసినప్పుడు కణములు చితికి, వానిలోని గంధక పదార్థములపై ఒక ఎంజైము పని చేయగా ఆ వాసన పుట్టును. చితికినను వాసన రానిచో దానిని ఉల్లియని నమ్మరాదు. ఆ పూటనే మీ ఆరుగురి ఇండ్లకు ఫోను చేసినాను. ఒక ఇంటిలో కుండీ వంటగది కిటికీలోనే ఉన్నదట. "రేపు ఆమ్లెట్‌లో వేద్దామనుకున్నామండీ" అన్నారు ఆ తల్లి. నా గుండె ఝల్లుమన్నది.

ఫిబ్రవరిలో పూసినది. ఊదారంగు బంతి కాదు. ఉల్లి పూలకాడలన్నియు గొడుగు ఊచలవలె ఒకే చోటనుండి బయలుదేరును. దీని పూలు కాడ పొడవునా ఒకదానిపై ఒకటి, ఒకే వైపునకు వ్రేలాడు చిన్న గంటలు. రంగు గోధుమ కలిసిన ఆకుపచ్చ. విత్తనములను మరల చూచినాను: ఉల్లివి కోణములతో ఉండును, ఇవి బల్లపరుపుగా, నాణెములు పేర్చినట్లు ఉన్నవి. మూడేండ్లుగా నా కన్నుల ముందే ఉన్న సాక్ష్యమది!

పూలను పుస్తకములోని బొమ్మతో పోల్చగా పేరు దొరికినది: డిప్‌కాడి ఎరిత్రేయం. ఈజిప్టులో, అరేబియాలో, మన రాజస్థాన్ ఎడారిలో పెరుగును. ఇది ఉల్లి కుటుంబము కాదు, పిల్లితేగల కుటుంబము. అమ్మ చెప్పిన నక్కవుల్లియు ఆ కుటుంబమే. అది గుండెకు చేటుచేయు విషము. అమ్మ జాతి పేరు తప్పినది గాని చుట్టరికము తప్పలేదు. ఈ మాట ఆమెతో అన్నాను. "మరి పులుసులో వేయనిచ్చి ఉంటే?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఈ శుక్రవారము కుండీలు తెండి. పాత కాగితములు తీసి, కొత్తవి అంటించుదము. పేరు నేను వ్రాసినాను. దాని క్రింద ఎర్రసిరాతో "తినరాదు" అని తెలుగులోను, పొరుగువారికై అరబీలోను వ్రాయుమని అమ్మ పట్టుబట్టినది. అరబీ అక్షరములు చక్కగా వ్రాయగలవారు మీలో ఎవరో ముందుగా చెప్పండి.