పద్నాలుగు మాత్రలు

2018 వానాకాలంలో మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నవి. అప్పటికి వాడికి పద్నాలుగు నెలలు. ఆరోగ్య కేంద్రంలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలతో పాటు 14 జింకు మాత్రలు ఇచ్చి, రోజుకొకటి చెంచాడు నీళ్లలో కరిగించి పట్టమన్నారు. నాలుగవ నాటికి విరేచనాలు కట్టినవి. ఇంకెందుకులే అని మిగిలిన మాత్రలు గూటిలో పెట్టి మరిచాము. తప్పు మాదే.

నెల తిరగకముందే మళ్లీ అదే బాధ. బిడ్డ అన్నం ముట్టడు, నడక నేర్చినవాడు చంక దిగడు.

ఈసారి నర్సమ్మగారు మమ్మును కూర్చోబెట్టి చెప్పారు. తిన్నదానిలోని జింకును ఒంటికి పట్టించేది చిన్నప్రేగు. విరేచనాలకు దాని లోపొర దెబ్బతింటుంది. ఒంట్లోని జింకు బయటికి పోతుంది, తిన్నది సరిగా ఒంటబట్టదు. జింకు తగ్గితే ఆ పొర త్వరగా మానదు, మళ్లీ జబ్బు చేస్తుంది. అందుకే విరేచనాలు ఆగినా మాత్రలు ఆపరాదట. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపువారికి 10, పది నుండి పద్నాలుగు రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పినవి.

మా అత్తగారు రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరేవారు. పాతకాలపు చాదస్తమనుకున్నాము. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థము జింకును ప్రేగుకు అందనీయదనీ, నానబెట్టి మొలకెత్తిస్తే అది తగ్గుతుందనీ అప్పుడే తెలిసింది. జావతో పాటు గ్రుడ్డు కూడ పెట్టసాగాము.

ఈసారి క్యాలెండరు మీద రోజుకొక గీత పెట్టాము. పన్నెండవ నాడు పెండ్లికి పొరుగూరు వెళుతూ కూడ ఆనాటి మాత్ర, చెంచా సంచిలో పెట్టుకొనే బస్సెక్కాము.