ఉమ్మడి గోడ నెమ్ము

మా పుంగనూరులో గోడలకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మా పడకగది గోడకు నెమ్ము అప్పుడే మొదలైంది, వానల వల్లేనని ఇంట్లో అందరి నమ్మకం. కానీ వానలు పోయి, నడి వేసవి వచ్చినా గోడ ఆరలేదు.

మావారు రెండేళ్ళలో మూడుసార్లు రంగు వేయించారు. ప్రతిసారీ ఆరు నెలలకే అది అప్పడంలా పొంగేది. బీరువా వెనక తెల్లగా ఉప్పు పూసేది. పట్టుచీరలకు బూజు వాసన.

నాలుగోసారి వచ్చిన మేస్త్రీ రంగు మాటే ఎత్తలేదు. ప్లాస్టిక్ కవరు ఒకటి గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి వెళ్ళాడు. రెండు రోజులకు వచ్చి చూస్తే కవరుకు గోడ వైపున నీటి బొట్లు.

"గదిలోని తేమ అయితే కవరు పైన పట్టుంటుందమ్మా. ఇది గోడలోంచే వస్తా ఉంది. అవతల ఏముంది?" అన్నాడు.

అవతల మా బావగారి స్నానాలగది. భాగాలు పంచుకున్నప్పుడు ఇల్లు రెండయింది, ఈ గోడ ఉమ్మడిగా మిగిలింది. అప్పుడు అనుకున్న మాటలతో అన్నదమ్ములు పండక్కి కూడా ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. మూడుసార్లు రంగు ఎందుకు వేయించారో నాకు అప్పుడు అర్థమైంది. పక్కింటి తలుపు తట్టడం కంటే ఆయనకు అదే సులువు.

ఆయన వద్దంటున్నా ఒక సాయంత్రం నేనే వెళ్ళాను. "అక్కా, మీ స్నానాలగదిలో పైపు ఒకసారి చూపిద్దామా? గోడ నెమ్మెక్కతా ఉంది" అన్నాను.

"ఇన్నాళ్ళూ చెప్పకుండా ఎట్లుంటివి మే! ట్యాంకు రాత్రికి రాత్రే ఎందుకు దిగిపోతాందో మాకూ తెలీకుండా ఉండె" అంది అక్క.

నాలుగు టైల్సు తీస్తే, గోడలో పోయే పైపు జాయింటు దగ్గర సన్నగా కారుతోంది. ఆ ఖర్చు బావగారే పెట్టుకున్నారు.

ఇక మా వైపు పని. నెమ్ము గీత కంటే అడుగు పైదాకా, ఇటుక కనిపించేలా పాత పూత ఊడగొట్టారు. ఉప్పును కడగనివ్వలేదు మేస్త్రీ. కడిగితే కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుందట. పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి పారేశాం. తర్వాత నెల పైగా కిటికీలు తీసి, ఫ్యాను తిప్పుతూ గోడను అలాగే వదిలేశాం.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం బావగారు గోడ చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ ఇటుకల ముందు నిలబడి, ఆ కాలం మేస్త్రీల పనితనం గురించి అరగంట మాట్లాడుకున్నారు. పాత సంగతులు ఎవరూ ఎత్తలేదు. కాఫీ తాగి లేస్తుంటే మావారు రంగుల కార్డు తెచ్చి ఆయన చేతికిచ్చారు. "నాయన ఉన్నప్పుడు లేత పసుపు ఉండేది కదరా" అన్నారు బావగారు.

కవరు మళ్ళీ అంటించి, పొడిగా వచ్చాకే సిమెంటు పూత. దానికి వారం నీళ్ళు కొట్టి, నెల ఆరనిచ్చి, తెల్ల సిమెంటు పుట్టీ రెండుసార్లు, ప్రైమరు, ఆపైన లేత పసుపు రెండు కోటింగులు. మీరూ చేయించేటట్లయితే సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి, ఎండలు కలిసొస్తాయి. బీరువాను గోడకు జానెడు దూరంలో ఉంచండి.

కింద మూలలో బెత్తెడు మేర ఇప్పటికీ కాస్త ఉప్పు పూస్తుంది. ఇటుకలో మిగిలిన ఉప్పు బయటికి రావడానికి టైం పడుతుందట. పొడి బ్రష్షుతో తుడిచేస్తుంటాను.