లెక్కలో లేని పన్నెండవవాడు

పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటిన కథ తెలియని తెలుగువాడు అరుదు. శిష్యుల సంఖ్య కథ చెప్పేవారినిబట్టి మారుతుంది, పన్నెండుమంది అనుకుందాం. ఆవలి గట్టు చేరాక, అందరూ క్షేమంగా దాటారో లేదోనని వారు లెక్క చూసుకుంటారు. లెక్కపెట్టిన ప్రతివాడూ తనను విడిచి తక్కినవారిని లెక్కిస్తాడు. ఎన్నిమార్లు చూసినా పదకొండుగురే తేలతారు. ఒకడు ఏటిపాలయ్యాడని అందరూ గొల్లుమంటారు. ఎవరో బాటసారి వచ్చి లెక్క సరిచేసేదాకా ఆ ఏడుపు ఆగదు.

నేర్చుకునేవాణ్ణి చూసి నవ్వడం మానవజాతికి పాత అలవాటు. తమిళంలో వీరమాముని పద్దెనిమిదవ శతాబ్దంలో పరమార్థ గురువు కథ వ్రాశాడు. అందులోనూ ఇట్టి శిష్యులే ఉన్నారు. జర్మను కవి గోథే 1797లో మాంత్రికుని శిష్యుని గూర్చి ఒక గేయకథ వ్రాశాడు. గురువు లేని సమయంలో చీపురుకట్టకు ప్రాణం పోసి నీళ్ళు మోయించిన ఆ శిష్యునికి పని మొదలుపెట్టే మంత్రం వచ్చు. ఆపే మంత్రం రాదు. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటేసియా’ చిత్రంలో ఆ శిష్యుని వేషం మిక్కీ మౌస్‌కు కట్టాడు. తెలుగువారికి 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’ వెండితెరమీదికి వచ్చింది. సగం తెలిసినవాడే హాస్యానికి తగిన నాయకుడు. ఏమీ తెలియనివాడు పనికి పూనుకోడు. అన్నీ తెలిసినవాడు పొరబడడు.

కాబట్టి ఈ కాలపు శిష్యులమీద ఒక కార్టూను హాస్యచిత్రం తీయదలచినవారు ఎక్కడికి వెళ్ళాలి? టెలివిజన్ కేంద్రానికి వెళ్ళడమే మేలు. అక్కడ గడియారమే ప్రభువు. వార్తల వేళ ఎవరికోసమూ ఆగదు. అక్కడ ఇంటర్న్‌లుగా చేరిన నలుగురు యువతీయువకులను ఊహించుకోండి. ఒకడికి వార్తల పాఠం తెరమీద జరిపే పని అప్పగించారు. కంగారులో వాడు వేగం పెంచితే, పాపం వార్తలు చదివే ఆయన గుర్రపుస్వారీ చేసినట్టు చదువుతూ పోతాడు. ఒకామెను కరవు ప్రాంతపు దృశ్యాలు తెమ్మంటే వరద దృశ్యాలు తెస్తుంది. మూడవవాడు టీ కప్పులతో సరిగ్గా కెమెరా ముందుకు వచ్చి నిలుస్తాడు. నాలుగవది ఏ తప్పూ చేయదు. ఆమె చేసిన పని మరొకరి పేరుతో ప్రసారమవుతుంది.

ఇట్టి కథకు బొమ్మలే తగిన మాధ్యమం. ప్రొడ్యూసరు కేక వేయగానే కుర్రవాడు బొటనవ్రేలంత అయిపోవడం, సిగ్గుతో చెవులు నిప్పుకణికలు కావడం నటులు మాటలతో చెప్పగలరే గాని చేసి చూపలేరు. బొమ్మ చూపగలదు. కొత్త ఉద్యోగంలో మొదటి రోజున మనిషి తన్ను తాను ఎట్లా ఊహించుకుంటాడో, అట్లాగే గీయవచ్చు.

అయితే ఈ ఊహాచిత్రంలో ప్రేక్షకుడు గమనించని చమత్కారం ఒకటి ఉన్నది. తెరమీద తడబడే ఆ నలుగురినీ గీసేది ఎవరు? వారివంటివారే.

చలనచిత్రం క్షణానికి 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, క్షణానికి 12 బొమ్మలు కావాలి. ఆ లెక్కన పది నిమిషాల చిత్రానికి 7,200 బొమ్మలు. ఒకే దృశ్యంలో ఇద్దరు ముగ్గురు కదిలితే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఇన్ని బొమ్మలు ప్రధాన చిత్రకారుడు ఒక్కడే గీయడు. కుర్రవాడు టీ కప్పు ఎత్తుతున్నాడనుకోండి. చెయ్యి బల్లమీద ఉన్న బొమ్మ, పెదవి దగ్గరకు చేరిన బొమ్మ ఆయన గీస్తాడు. ఆ రెంటి నడుమ చెయ్యి ఎక్కడెక్కడ ఉండాలో గీయడం సహాయకుల పని. కొత్తగా చేరినవారు సాధారణంగా మొదలుపెట్టేది ఇక్కడే. సినిమా చూసేవాడు కదలిక అనుకునేదానిలో ఎక్కువ భాగం ఈ నడిమి బొమ్మలే. అవి సరిగా ఉంటే ఎవరి కంటికీ కనబడవు. చెడితేనే కనబడతాయి.

భారతదేశంలో ఈ విద్య గురుశిష్య పరంపరగానే వేళ్ళూనింది. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూను విభాగానికి క్లెయిర్ వీక్స్ అనే అమెరికన్ వచ్చాడు. ఆయన డిస్నీ స్టూడియోలో ఏళ్ళతరబడి పనిచేసినవాడు. ఇక్కడి యువకులకు శిక్షణ ఇవ్వడం ఆయన పని. జాతకకథ ఆధారంగా 1957లో వెలువడిన ‘బానియన్ డీర్’ చిత్రం ఆ శిక్షణకు ఫలం. ఆ శిష్యులలో రసాయనశాస్త్రం చదువుకున్న రామ్ మోహన్ అనే యువకుడు ఉన్నాడు. అతడు 1968లో ఫిల్మ్స్ డివిజన్ విడిచి, తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ శాఖకు అధిపతి అయ్యాడు. 1972లో సొంత సంస్థ పెట్టుకున్నాడు. జపాన్ వారితో కలిసి రామాయణాన్ని కార్టూను చిత్రంగా తీసిన ముగ్గురు దర్శకులలో ఆయన ఒకడు. 2014లో పద్మశ్రీ అందుకొని 2019లో కన్నుమూశాడు. ఒకనాటి శిష్యుణ్ణి భారతీయ యానిమేషన్‌కు పితామహుడని అందరూ పిలిచారు.

అదే ఫిల్మ్స్ డివిజన్‌లో నేపథ్యచిత్రాలు వేస్తూ పని నేర్చుకున్న భీమ్‌సేన్ మరొకరు. 1974లో విజయా ములే దర్శకత్వంలో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ అనే చిన్న చిత్రానికి బొమ్మలు కదిలించినది ఆయనే. దూరదర్శన్ దానిని ఎన్నిసార్లు ప్రసారం చేసిందో! హిందీ రాని ఇళ్ళలోని పిల్లలు సైతం ఆ పాట పాడుకున్నారు.

టెలివిజన్ కథ కూడా ఇంతే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు ఒక నిర్మాణ కేంద్రం. అప్పటికి దేశంలో టెలివిజన్ కేంద్రాలు వ్రేళ్ళమీద లెక్కించదగినన్నే. అనుభవజ్ఞులు ఎక్కడినుంచి వస్తారు? పనిచేస్తూనే నేర్చుకోవలసివచ్చింది, తప్పులు చేస్తూనే చేయి తిరగవలసివచ్చింది. ఆ తప్పులను సహించే ఓపిక ఆనాటి సంస్థలకు ఉండబట్టే ఈ రంగానికి మనుషులు తయారయ్యారు.

ఇక్కడే శిష్యుల లెక్క మళ్ళీ గుర్తుకు వస్తుంది. రామ్ మోహన్ పేరు, భీమ్‌సేన్ పేరు నిలిచాయి. వారి బల్లల పక్కన కూర్చుని నడిమి బొమ్మలు గీసినవారు, పారదర్శకమైన రేకులమీద ఆ గీతలు దిద్ది వెనుకవైపున రంగులు పూసినవారు ఎందరో! 1930లలో డిస్నీ స్టూడియోలో ఈ సిరా, రంగుల పని దాదాపు అంతా యువతులే చేశారు. 1937లో వచ్చిన ‘స్నో వైట్’ను లోకమంతా మెచ్చుకున్నది, ఆ చిత్రం పేర్ల పట్టికలో మాత్రం ఆ యువతుల పేర్లు లేవు. ఏరు దాటించినవారే లెక్కలో లేకపోయారు.

ఇప్పుడు పేరుతోపాటు ఆ బల్ల కూడా పోయే కాలం వచ్చింది. 1961లో ‘నూటొక్క డాల్మేషియన్లు’ చిత్రంతో పెన్సిలు గీతలను యంత్రం నేరుగా రేకులమీదికి ఎక్కించసాగింది. చేత్తో సిరా దిద్దే పని తరిగింది. తరువాత రంగులు కంప్యూటరు వేసింది. 1995లో ‘టాయ్ స్టోరీ’ పూర్తిగా కంప్యూటరుతోనే తయారైంది. నేడు రెండు బొమ్మలు ఇస్తే నడిమి బొమ్మలు తామే పూరించే సాధనాలు వస్తున్నాయి. విసుగు పుట్టించే చాకిరి తప్పినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. ఒకే చేతిని ఎనిమిదిసార్లు గీయడంలో ఆనందమేమీ లేదు. కాని చేతి బరువు ఎట్లా మారుతుందో, కదలిక ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ త్వరపడుతుందో కుర్రవాడు తెలుసుకున్నది ఆ ఎనిమిది గీతలలోనే. చాకిరీ, చదువూ ఒకే కాగితంమీద ఉండేవి. యంత్రం చాకిరిని తీసుకుపోతూ చదువును కూడా వెంట తీసుకుపోతున్నది. మొదటి మెట్టు తీసివేసిన నిచ్చెన మొదట్లో ఎవరికీ లోటుగా తోచదు, పైన ఉన్నవారు పైనే ఉంటారు గనుక. వారు దిగిపోయిననాడే ఎక్కవలసినవారు లేరని తెలుస్తుంది.

డబ్బు సంగతి మరొకటి. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం శిక్షణ పొందేవారికి స్టైఫండు ఇవ్వాలన్నది. ‘ఇంటర్న్’ అనే కొత్త మాట చాలావరకు ఆ చట్టం వెలుపల పుట్టి పెరిగింది. అనుభవమే జీతం అనుకోమని చెప్పడం సులభం. అద్దెగది యజమాని అనుభవాన్ని అద్దెకింద జమకట్టుకోడు. జీతం లేకుండా ఆరునెలలు నగరంలో గడపగలవాడికే తలుపు తెరుచుకుంటే, పల్లెనుంచి వచ్చిన పిల్ల ఎంత బాగా గీసినా గడపలోనే ఆగిపోతుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం పెద్ద కంపెనీలలో ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించి, నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నది. ఆ మొత్తం నగరంలో ఎన్నాళ్ళకు సరిపోతుందన్న మాట అటుంచితే, నేర్చుకునేవాడి కడుపును కూడా లెక్కలోకి తీసుకోవాలని అంగీకరించడం మంచి సూచనే.

ఆ ఊహాచిత్రాన్ని ఎవరైనా నిజంగా తీస్తే, అందులో నవ్వు పుష్కలంగా ఉండాలి. గుర్రపుస్వారీ వార్తలు ఉండాలి, వరదలో మునిగిన కరవు ఉండాలి. శిష్యులను చూసి నవ్వడం వారిని అవమానించడం కాదు. ఒకప్పుడు అందరూ అట్లాగే తడబడ్డారని ఒప్పుకోవడం. ఆ కేంద్రంలో కేకలు వేసే ప్రొడ్యూసరును కూడా ఒక్క దృశ్యంలో, ముప్పైయేళ్ళ క్రితం చేతులు వణుకుతూ మొదటి టేపు అందించిన కుర్రవాడిగా చూపితే చాలు. ఆ తరువాత నాలుగవ పిల్లను ఆయన పిలిచి, ఆమె పని ఆమె పేరుతోనే ప్రసారం చేయిస్తే, ప్రేక్షకుడు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాడు.

ఆ దృశ్యానికి నడిమి బొమ్మలు మాత్రం కొత్తగా చేరినవారి చేతనే గీయించాలి. ఆలస్యమైనా ఫరవాలేదు.