తమ్ముడి పాల సైకిలు

మన క్వార్టర్లలో కూడా ఇప్పుడు బ్యాటరీ సైకిళ్లు కనబడుతున్నాయి, అందుకే ఈ సంగతి రాస్తున్నా. కొన్న ఆర్నెల్లకే మోటారుకు ఇంకొంచెం బలం ఉంటే బాగుండు అనిపిస్తుంది అందరికీ. పెంచుకోవచ్చు. కాకపోతే ఏది పెంచాలన్నదే లెక్క.

మాది పావగడ తాలూకా, తిరుమణి పక్క పల్లె. సోలార్ పార్కు కింద 13,000 ఎకరాలు గుత్తకు పోయినప్పుడు మా చేనూ అందులో పోయింది. ఏడాదికి ఎకరాకు 21,000 గుత్తతో మొదలైంది. నేను మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్. తమ్ముడు ఊర్లోనే ఉండి రెండు ఎనుములు పెట్టుకున్నాడు. పక్కిళ్ల పాలు కూడా కలుపుకొని రెండు క్యాన్లు సైకిలు మీద డైరీకి తీసుకుపోతాడు. క్యాన్లతో సహా నలభై కిలోల పైమాటే. ముందు చక్రంలో 250 వాట్ల మోటారు. దారిలో ఒక ఎత్తు ఉంది, అక్కడ సైకిలు మొరాయించేది.

కంట్రోలర్ మారిస్తే చాలని దుకాణంలో చెప్పినారంట. 15 ఆంప్స్‌ది తీసి 25 ఆంప్స్‌ది వేయించినాడు. "అన్నా, ఇప్పుడు గాలి మాదిరి పోతాంది" అని ఫోను. ఏప్రిల్‌లో ఆ ఎత్తు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పూట పాలన్నీ విరిగిపోయినాయి, పక్కిళ్లవాళ్లకు డబ్బు మనమే కట్టినాం.

సెలవులో పోయి విప్పి చూస్తే వైండింగ్ నల్లగా మాడింది, లోపలి నైలాన్ గేర్ల పళ్లు మెత్తబడినాయి. ఆ వాసన మన సెక్షన్‌లో అందరికీ తెలిసిందే. తీగలో వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. 15 నుంచి 25 అంటే దాదాపు మూడు రెట్లు. పైగా చక్రం బాగా తిరిగేటప్పుడు కరెంటులో ఎక్కువ భాగం నడకకే పోతుంది. ఎత్తులో మెల్లగా ఈడ్చేటప్పుడు చాలా భాగం వేడిగానే మిగులుతుంది. మిల్లు మోటారుకు వెనక ఫ్యాను ఉంటుంది, ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. దీనికి రెండూ లేవు. మూత బిగించిన గిన్నె.

ఫ్యాను లేకపోతే మూతకు బెజ్జాలు వేద్దామన్నాడు తమ్ముడు. మా పక్క దుమ్ముకు, వానకు బేరింగులు ఎన్నాళ్లుంటాయి? వద్దన్నాను.

చివరికి వాట్లు పెంచలేదు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు అన్నీ కావాలి. పాల సైకిలుకు అదెందుకు? మళ్లీ 250దే తెచ్చినాం, కానీ గేర్లు లేనిది, దాదాపు రెట్టింపు బరువు, తక్కువ స్పీడు వైండింగ్‌ది. రాగి, ఇనుము ఎక్కువుంటే అంత త్వరగా కాగదు. తక్కువ స్పీడుది కాబట్టి అదే కరెంటుకు ఎక్కువ గుంజుతుంది. పాత 15 ఆంప్స్ కంట్రోలరే మళ్లీ పెట్టినాం.

మూత బిగించేముందు వైండింగ్‌కు ఒక థర్మిస్టర్ అంటించి, దాని తీగను ఇరుసు బెజ్జంలోంచి బయటికి తీసి హ్యాండిల్ మీద చిన్న మీటరుకు కలిపినాను. నాకైతే మొత్తం పనిలో ఇదే ముఖ్యం. ఇంకో ఉపాయమూ ఉంది. కెనడాలో గ్రిన్ టెక్నాలజీస్ అనే కంపెనీ స్టాటరేడ్ అని ఒక ద్రవం అమ్ముతుంది. అయస్కాంతానికి అంటుకునే ఆ ద్రవం కొద్దిగా పోస్తే, వైండింగ్‌కూ పైచిప్పకూ మధ్య సందులో నిలబడి వేడిని బయటికి తోస్తుంది. గేర్లు లేని మోటార్లకే పనికొస్తుంది. మాకు అంతదూరం అక్కరపడలేదు.

బరువైన మోటారు కదా, ఇరుసు ఫోర్కులో తిరిగి తీగలు తెంపకుండా రెండు పక్కలా టార్క్ ఆర్మ్ పట్టీలు బిగించినాం. అవి లేకుండా మోటారు మార్చొద్దు.

మీటరు 90 చూపిస్తే దిగి తొయ్యమని చెప్పినాను. మే నెల ఎండలో, నిండు క్యాన్లతో, ఆ ఎత్తు మీద 84 దాకా పోయిందంట. స్పీడు తగ్గిందని వాడికి కొంచెం గొణుగుడు ఉంది. ఎత్తు వస్తే పెడలు కూడా తొక్కమంటే మాత్రం, "మోటారు పెట్టుకునేది అందుకేనా అన్నా?" అంటాడు. తొక్కుతున్నాడని మరదలు చెప్పింది.