గాలానికి బత్తా

డబ్బిచ్చి చేపలు కొనుక్కోవడం లోకంలో అందరికీ అర్థమయ్యే వ్యవహారం. డబ్బిచ్చి, రోజంతా ఎండలో కూర్చుని, పడ్డ చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి చేతులు కడుక్కుని రావడం మాత్రం మా కృష్ణాజిల్లా వాళ్ళకు ఒక పట్టాన బోధపడదు. పులస కోసం పుస్తెలైనా అమ్మవచ్చునని నమ్మే జాతి మాది. అయితే ఆ అమ్మకంలో పులుసు అనే ప్రతిఫలం ఉంది. నదీతీరపు లాడ్జిలో బస, వెంట ఒక మార్గదర్శి, పడవ, విదేశీ గాలం, చివరికి వట్టి చేతులు. ఈ బేరంలో ప్రతిఫలం ఎక్కడుందని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టమే.

నన్ను అలా అడిగినవారు మా బావగారు, అంటే మా అక్క భర్త. కోడంబాకంలో ప్రొడక్షన్ అసిస్టెంటుగా మొదలై, పరిశ్రమతోపాటే మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, ఫిల్మ్‌నగర్‌లోనే ప్రొడక్షన్ మేనేజరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి విరమించారు. వయసు డెబ్భై ఒకటి. రెండేళ్ళ క్రితం గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆయన పిల్లలిద్దరూ కలిసి ఒక కాగితం ఆయన చేతిలో పెట్టారు. ఉత్తరాఖండ్‌లో కాళీనది ఒడ్డున ఒక లాడ్జి, నాలుగు రోజులు, ఇద్దరు మనుషులు, విమానం ఖర్చులు కాక లక్షా పదివేలు. కొడుకు గ్రాఫిక్స్ స్టూడియోలో రాత్రిళ్ళు పనిచేస్తాడు, కూతురు బడిలో పాఠాలు చెబుతుంది. ఇద్దరికీ ఇంటి వాయిదాలున్నాయి. అందుకే ఆ కాగితం ఆయనకు బరువైంది.

"ఏవయ్యా, నువ్వోసారి కావేరికి వెళ్ళొచ్చావు కదా. ఇది పెట్టదగ్గ ఖర్చేనా?" అని అడిగారు.

ఆయన సరదా మనిషి కాదు, అడిగింది సరదా ప్రశ్నా కాదు. దివిసీమలో కాలవగట్టున పెరిగిన మనిషి. వెదురుకర్ర, జీలుగుబెండు, వానపాము. ఇవే ఆయన బాల్యం. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలిన జెల్లలనూ మట్టగిడసలనూ చేతులతో పట్టిన కథలు మాకందరికీ కంఠతా వచ్చు. పంతొమ్మిదో ఏట సినిమాల్లోకి వచ్చాక మరి గాలం ముట్టలేదు. గోదావరి మీద ఎన్ని పాటలకు లాంచీలు మాట్లాడారో, ఎన్ని పడవలకు అడ్వాన్సులిచ్చారో ఆయనకే లెక్క తెలియదు. ఆ పడవల్లో ఒక్కటీ తనకోసం మాట్లాడుకున్నది కాదు.

జూబ్లీహిల్స్ వాసులకు నీళ్ళు దగ్గరలో లేవా అంటే ఉన్నాయి. కొండ దిగితే దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిన చెరువది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. రాత్రివేళ రంగురంగుల దీపాలతో కనువిందుగానే ఉంటుంది. కానీ చుట్టూ లేచిన మేడల మురుగు ఏళ్ళ తరబడి అందులో కలిసింది. చేపలు చచ్చి తేలిన ఉదయాలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. అక్కడ గాలం వేయాలన్న కోరిక ఎవరికైనా ఎలా పుడుతుంది? నగరం బయట ఒక చేపల చెరువుకు నేనే ఆయన్ను ఒకసారి తీసుకువెళ్ళాను. రుసుము కడితే గాలం ఇస్తారు, పడినదాన్ని తూకం వేసి ఇస్తారు. అరగంటలో మూడు బొచ్చెలు పడ్డాయి. బావగారు మూడింటికీ డబ్బు కట్టేసి, "ఇది చేపల బజారేనయ్యా. కాకపోతే తూకానికి ముందు కాస్త కూర్చోబెడతారు" అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక నా కావేరి ప్రయాణం సంగతి. 2008 ఫిబ్రవరిలో మైసూరు ప్రాంతంలో ఒక పాట చిత్రీకరణ అనుకున్నదానికంటే ముందే ముగిసింది. నిర్మాత మిత్రుడు నన్ను వెంటబెట్టుకుని కావేరి ఒడ్డున ఒక శిబిరానికి తీసుకువెళ్ళారు. ఆ రోజుల్లో భీమేశ్వరి, గలిబోర్, దొడ్డమకళి అన్న పేర్లు గాలం పట్టేవాళ్ళకు పుణ్యక్షేత్రాల పేర్లలాంటివి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అక్కడ శిబిరాలు నడిపేది. ఆ నీళ్ళలో ఉండేది మహాసీర్ అనే చేప. దాని మోజు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెచ్.ఎస్. థామస్ అనే దొర 1873లోనే మన దేశపు గాలపు వేట గురించి ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1946లో కబిని నదిలో మైసూరు వాసి వాన్ ఇంగెన్ 120 పౌన్ల మహాసీర్‌ను పట్టాడు. మన లెక్కలో సుమారు యాభైనాలుగు కిలోలు. మనిషంత చేప!

మాకు తోడుగా ఇచ్చిన మార్గదర్శిని అక్కడ 'గిల్లీ' అనేవారు. ఆ మాట స్కాట్లండు నుంచి వచ్చిందట. కుర్రవాడు, సేవకుడు అని అర్థం. మా గిల్లీ మాత్రం యాభై దాటిన మనిషి. పుట్టి నడుపుతూ, ఏ బండ వెనక నీరు నిలుస్తుందో, ఏ వేళకు చేప ఏ మడుగు నుంచి ఏ రేవుకు కదులుతుందో ఇంట్లో వాళ్ళ అలవాట్లు చెప్పినట్లు చెప్పేవాడు. ఉడికించిన రాగిముద్దను నిమ్మకాయంత ఉండ చేసి కొక్కేనికి గుచ్చేవాడు. రెండు రోజులు కూర్చున్నాను. నాకు ఒక్క చేప కూడా పడలేదు. రెండో సాయంత్రం ఆయన కన్నడం, తెలుగు కలిపిన భాషలో చెప్పిన మాట మాత్రం నాతోపాటే ఊరికి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు తాను ఇదే నదిలో మందుగుండు పేల్చి చేపలు పట్టేవాడట. ఇప్పుడు శిబిరం జీతమిస్తోంది కాబట్టి, అలా పట్టేవాళ్ళను తరిమే పని కూడా తనదేనట.

బావగారి ప్రశ్నకు జవాబుగా నేను ఒక బడ్జెట్ రాశాను. ఆయనకు ఆ భాషే బాగా తెలుసు. బస, భోజనం ఒక పద్దు. రవాణా ఒక పద్దు. పడవ, పరికరాలు ఒక పద్దు. అనుమతి పత్రం ఒక పద్దు. మార్గదర్శి జీతం ఒక పద్దు. నదిని కాపలా కాసేవాళ్ళ జీతం ఇంకో పద్దు. ఇది మంచి లాడ్జిలోనే ఉంటుంది. చేపకు మాత్రం పద్దు లేదు. దాన్ని ఎవరూ అమ్మడం లేదు, ఎవరూ కొనడం లేదు. అవుట్‌డోర్‌కు వెళ్ళిన యూనిట్ సంగతి ఆయనకు తెలియనిది కాదు. మబ్బు పట్టి ఒక్క షాట్ తీయకపోయినా, లైట్‌మన్ నుంచి మేకప్‌మన్ దాకా అందరికీ బత్తా ఇవ్వవలసిందే. నిర్మాత కొన్నది వెలుగును కాదు, వెలుగు వచ్చేదాకా సిద్ధంగా ఉండే మనుషులను. గాలపు యాత్రలోనూ మనం కొనేది అదే.

అలాగైతే ఆ మనుషులు ఏం చేస్తున్నారన్నదే అసలు లెక్క. ఇందుకు కావేరి కథే సాక్ష్యం. వన్యప్రాణి అభయారణ్యంలో గాలం వేయడం కూడా 1972 నాటి చట్టం ప్రకారం వేటే అవుతుందన్న అభ్యంతరం బలపడి, 2012 నాటికి ఆ శిబిరాల్లో గాలం ఆగిపోయింది. అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. నోట్లో ఇనుప కొక్కెం దిగిన ప్రాణికి మన వినోదంతో ఏం పని? వదిలేస్తాం కదా అన్నది మనం చెప్పుకునే సమాధానం, చేప చెప్పేది కాదు. కానీ గాలం ఆగినప్పుడు దానితోపాటే కాపలా కాసే జీతాలకు ఆధారమూ పోయింది. శిబిరాల మీద బతికిన మా గిల్లీలాంటివాళ్ళు వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

ఆగినది మరొకటి కూడా ఉంది. గలిబోర్ శిబిరంలో ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎంత బరువు చేప పడింది అన్నది 1998 నుంచి 2012 దాకా పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. పరిశోధకులు తర్వాత ఆ పద్దులు తిరగేస్తే ఆరువేలకు పైగా చేపల వివరాలు దొరికాయి. ఏటేటా పడే చేపల సంఖ్య పెరిగింది, సగటు పరిమాణం తగ్గింది. ఇంకా లోతుగా చూస్తే, కావేరికే సొంతమైన మూపురపు మహాసీర్ తగ్గిపోతూ, దాని చోటును నీలిరెక్కల మహాసీర్ ఆక్రమించింది. ఈ రెండోది బయటి నుంచి పెంచి తెచ్చి నదిలో వదిలిన జాతి. చేపలను రక్షిస్తున్నామనుకుని చేసిన పనే సొంత చేపకు పోటీ తెచ్చిపెట్టింది. మూపురపు మహాసీర్ శాస్త్రీయనామం ఏమిటన్నది 2018లో గానీ తేలలేదు. అదే ఏడాది అది అంతరించిపోయే అంచున ఉన్న జీవుల పట్టికకెక్కింది. వినోదం కోసం వచ్చినవాళ్ళు తీరికగా రాసుకున్న పద్దుల పుస్తకం లేకపోతే, ఒక జాతి కనుమరుగవుతున్న తీరు ఇంత వివరంగా తెలిసేది కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. లాడ్జి వారు చేప గ్యారంటీ అంటే ఆ ఖర్చు దండగ. నగరం బయట చేపల చెరువులో అది చౌకగా దొరుకుతుంది. పెద్ద చేపను పొదివి పట్టుకున్న ఫొటోయే కావాలన్నా దండగే. ఫిల్మ్‌నగర్‌లో మంచి ఆర్ట్ డైరెక్టరును అడిగితే వారంలో అంతకంటే పెద్ద చేప తయారవుతుంది. మార్గదర్శి ఆ నది ఒడ్డున పుట్టినవాడా, గాలం వేసే చోటు అభయారణ్యానికి వెలుపలిదేనా, అనుమతి ఉందా, ముల్లు లేని కొక్కేలు వాడతారా, పడిన ప్రతి చేపనూ రాసుకుంటారా, అకాలంలో తలుపులు మూస్తారా అన్న ప్రశ్నలకు సూటిగా జవాబులొస్తే, ఆ డబ్బులో కొంతైనా నదికి చేరుతుందని నమ్మవచ్చు. అప్పుడు అది ఖర్చే, కానీ దండగ కాదు.

ఇదంతా చదివి బావగారు కళ్ళజోడు తీసి, ముందు తన గుండె వైద్యుడికి ఫోన్ చేశారు. ఘాట్‌రోడ్డు ప్రయాణం నెమ్మదిగా చేయమనీ, గట్టు ఎక్కిదిగే పని తగ్గించమనీ ఆయన అనుమతిచ్చారు. తర్వాత లాడ్జికి ఫోన్ చేశారు. నేను రాసిచ్చిన ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఒక్కటే అడిగారు. "చేప పడకపోయినా గైడుకు బత్తా ఇస్తారా?" నెలజీతం మీద ఉన్నాడనీ, చేపతో నిమిత్తం లేదనీ అవతలివారు చెప్పారు. నాలుగు రోజులను మూడు చేయించి, మిగిలిన డబ్బు పిల్లల ఖాతాలో వేసి, నిరుడు అక్టోబరులో అక్కను తీసుకుని వెళ్ళివచ్చారు. అక్కడ సరయూనది కాళిలో కలిసే పంచేశ్వర్ సంగమం ఉంది. కలిసేచోట రెండు రంగుల నీళ్ళు కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయని అక్క చెప్పింది. బావగారికి మూడోరోజు ఒక చేప పడింది. కిలోన్నర కూడా ఉండదట. చేయి వణికితే గైడు కర్ర అందుకోబోయాడనీ, తాను ఇవ్వలేదనీ ఆయన చెప్పారు. మిగతా సంగతులేవీ అంత వివరంగా చెప్పలేదు.

ఆయన జేబు పుస్తకంలో ఆ యాత్ర లెక్కలు చూశాను. అన్నీ పద్దులవారీగా, వోచర్ల నెంబర్లతో ఉన్నాయి. చివరి వరుసలో "చేప 1, వాపసు" అని రాసుకున్నారు.

ఇలాంటి ప్రయాణం తలపెట్టిన మిత్రులకు చెప్పదలచినది కొంచెమే. యాభై ఏళ్ళుగా ఇతరుల కోసం పడవలు మాట్లాడిన మనిషికీ, వారాంతం విసుగు తీర్చుకోవడానికి వెళ్ళే మనిషికీ ఒకే ధర పడుతుంది. ఒకే విలువ పడదు. మీరు ఎవరో తేల్చుకున్నాక రేటు చూడండి. వెళ్ళేటట్లయితే, ఆ నదిని ఎరిగిన మనిషికి జీతం ఎవరిస్తున్నారో తప్పకుండా అడగండి.